చిన్న రైలు లేఅవుట్‌కి ఏ డీసీసీ సిస్టమ్ కొనాలి: డబ్బు పెట్టేముందు చూసుకోవాల్సినవి

విశాఖ స్టేషన్‌లో ఇంజను మారడం ఎప్పుడైనా నిలబడి చూశారా? విజయవాడ వైపు నుంచి వచ్చి హౌరా వైపు పోయే రైళ్ళు చాలావరకు అక్కడ దిశ మార్చుకుంటాయి, అందుకే తెచ్చిన ఇంజను విడిపోతుంది, రైలు రెండో చివరకి ఇంకో ఇంజను మెల్లగా వచ్చి ఆనుకుంటుంది. ఒకే లైను మీద రెండు ఇంజన్లు. ఒకటి కదలకుండా నిలబడాలి, రెండోది మనిషి నడకకంటే నెమ్మదిగా రావాలి. నేను ఇంట్లో ఎనిమిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చెక్క మీద కట్టుకున్న హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ రైలు లేఅవుట్ అంతా ఈ ఒక్క దృశ్యం కోసమే. మూడు లైన్లు, ఐదు పాయింట్లు (రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట్లు), నాలుగు ఇంజన్లు, అంతే.

మామూలు డీసీ కంట్రోలర్‌తో ఇది ఎందుకు కుదరదంటే, ఆ కంట్రోలర్ పట్టాల్లోకి 0 నుంచి 12 ఓల్టుల దాకా పంపుతుంది, ఆ పట్టాల మీద ఏ ఇంజను ఉన్నా ఆ ఓల్టేజీని బట్టి కదిలిపోతుంది. ఒకదాన్ని ఆపాలంటే పట్టాని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో స్విచ్ పెట్టాలి. డీసీసీలో (డిజిటల్ కమాండ్ కంట్రోల్, అంటే ఒక్కో ఇంజనుకి విడిగా డిజిటల్ ఆదేశం పంపే పద్ధతి) పట్టాల్లో ఎప్పుడూ పూర్తి కరెంటు ఉంటుంది, హెచ్‌ఓలో సుమారు 14 నుంచి 16 ఓల్టులు. ఆ కరెంటు సెకనుకి కొన్ని వేలసార్లు దిశ మార్చుకుంటూ ఉంటుంది, ఆ మార్పులోనే సందేశం దాగి ఉంటుంది: ఒక మార్పుకీ తర్వాతి మార్పుకీ మధ్య 58 మైక్రోసెకన్లు ఉంటే అది 1, 100 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది 0. ప్రతి ఇంజనులో ఒక చిన్న డీకోడర్ కూర్చుని ఆ అంకెలు చదువుకుంటూ, తన నంబరు వచ్చినప్పుడు మాత్రమే చెప్పిన పని చేస్తుంది. మిగతావి నిలబడి ఉంటాయి, లైట్లు వెలుగుతూనే.

ముందే ఒక మాట. మీ దగ్గర గుండ్రంగా ఒక్క ట్రాక్, ఒక్క ఇంజను మాత్రమే ఉండి, పిల్లలు ఆడుకోవడానికే అయితే డీసీసీ వద్దు. ఆ డబ్బుతో ఇంకో ఇంజను కొనుక్కోండి. రెండో ఇంజను వచ్చి, రెండిటినీ ఒకే లైను మీద ఆడించాలనిపించిన రోజున ఈ కింది సంగతులు పనికొస్తాయి.

మొదట పోవాల్సిన భయం

కొత్తగా వచ్చేవాళ్ళందరూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: ఇప్పుడు ఈ కంపెనీ బాక్సు (పట్టాల్లోకి కరెంటూ ఆదేశాలూ పంపే పెట్టె) కొంటే రేపు ఇంకో కంపెనీ ఇంజను నడవదేమో? నడుస్తుంది. 1980లలో జర్మనీలో లెంజ్ కంపెనీ తయారుచేసిన పద్ధతి ఆధారంగా, 1990లలో అమెరికాలోని ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ అనే మోడల్ రైల్వే సంఘం దీన్ని అందరికీ ఒకే ప్రమాణంగా తెచ్చింది. అంటే పట్టాల్లో పోయే భాష ఒక్కటే. జిమో డీకోడర్ ఉన్న ఇంజను డిజిట్రాక్స్ బాక్సుతో నడుస్తుంది, ఈఎస్‌యూ డీకోడర్ ఉన్నది రోకో బాక్సుతో నడుస్తుంది. మెర్క్లిన్ వాళ్ళ మూడు పట్టాల పద్ధతి వేరే దారి, మీరు దాంట్లో ఉంటే దానికి తగ్గ బాక్సే చూసుకోండి, ఇక్కడ నేను చెప్పేది రెండు పట్టాల సంగతి.

మరి ఇరుక్కునేది ఎక్కడంటే, చేతిలో పట్టుకునే కంట్రోలర్ దగ్గర. బాక్సుకీ చేతి కంట్రోలర్‌కీ మధ్య పోయే వైరులోని భాష ఎవరిది వాళ్ళదే. డిజిట్రాక్స్ వాళ్ళది లోకోనెట్, లెంజ్ వాళ్ళది ఎక్స్‌ప్రెస్‌నెట్, ఎన్‌సీఈ వాళ్ళది ఇంకొకటి. ఒక కంపెనీ చేతి కంట్రోలర్ ఇంకో కంపెనీ బాక్సుకి సాధారణంగా కుదరదు. కాబట్టి బాక్సు కొంటున్నామంటే నిజానికి మనం కొంటున్నది దాని చేతి కంట్రోలర్ కుటుంబాన్ని. ఇంజన్లు, డీకోడర్లు, పట్టాల కింద వైరింగ్, ఇవన్నీ రేపు బాక్సు మార్చినా మీతోనే ఉంటాయి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

చేతికి ఎలా ఉంది

అందుకే ఫీచర్ల పట్టిక చూసేముందు, కుదిరితే ఆ కంట్రోలర్‌ని ఎవరి ఇంట్లోనైనా పది నిమిషాలు చేత్తో పట్టుకుని చూడండి. షంటింగ్ చేసేటప్పుడు కళ్ళు ఇంజను మీద ఉండాలి, కంట్రోలర్ మీద కాదు. అంటే బొటనవేలికి నాబ్ దొరకాలి, దిశ మార్చే మీట చూడకుండానే తగలాలి. ఫోన్ స్క్రీన్ మీద వేలితో జరిపే స్లైడర్ చూడటానికి అందంగా ఉంటుంది, కానీ రెండు పెట్టెలని కప్లింగ్ దగ్గర తాకించేటప్పుడు వేలు ఎక్కడుందో తెలియక ఇంజను ఢీకొట్టడం నాకు చాలాసార్లు జరిగింది. గుండ్రంగా రైలు తిప్పుతూ చూసుకునేవాళ్ళకి ఫోన్ చాలు. షంటింగ్ ఇష్టమైతే నాబ్ ఉండాల్సిందే, దీంట్లో నేను రాజీ పడను.

నాబుల్లోనూ రకాలున్నాయి. రోకో మల్టీమౌస్‌లో మధ్యలో సున్నా, కుడికి తిప్పితే ముందుకి, ఎడమకి తిప్పితే వెనక్కి. పిల్లలకీ పెద్దవాళ్ళకీ ఇది వెంటనే అర్థమవుతుంది. ఎన్‌సీఈ పవర్ క్యాబ్‌లో బొటనవేలితో తిప్పే చిన్న చక్రం, పక్కన బటన్లు. ఒంటిచేత్తో అన్నీ అవుతాయి, కానీ పరికరం కాస్త పొడుగు. డిజిట్రాక్స్ జెఫిర్ ఎక్స్‌ప్రెస్‌లో పెద్ద నాబ్ బాక్సుకే ఉంటుంది, కాబట్టి మీరు ఒకచోట కూర్చుని నడపాలి, లేదా విడిగా చేతి కంట్రోలర్ కొనాలి. ఎనిమిదడుగుల లేఅవుట్‌కి కూర్చుని నడపడం కష్టమేమీ కాదు, లేఅవుట్ గది చుట్టూ తిరిగితేనే ఇబ్బంది.

చదవగలదా లేదా

డీకోడర్ లోపల సీవీలని కొన్ని గడులుంటాయి, ఒక్కో గడిలో ఒక అంకె. సీవీ 1లో ఇంజను చిన్న నంబరు, సీవీ 2లో కదలడం మొదలుపెట్టే ఓల్టేజీ, సీవీ 3లో ఎంత మెల్లగా వేగం అందుకోవాలో, సీవీ 4లో ఎంత మెల్లగా ఆగాలో. కొత్త డీకోడర్ ఏదైనా నంబరు 3తో వస్తుంది. చౌక బాక్సుల్లో కొన్ని ఈ గడుల్లో రాయగలవు కానీ ఏం రాసి ఉందో తిరిగి చదవలేవు, కొన్నయితే నంబరు తప్ప ఇంకేదీ రాయలేవు.

నేను మొదట కొన్నది అలాంటిదే. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఇంజను దొరికింది, పట్టాల మీద పెడితే ఉలుకూ పలుకూ లేదు. నంబరు 3తో పిలిచాను, పలకలేదు. రెండు వారాలు డీకోడర్ కాలిపోయిందనే అనుకుని బాధపడ్డాను. చివరికి ఒక మిత్రుడి ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ సిస్టమ్‌లో చదివిస్తే, పాత యజమాని దానికి నాలుగంకెల నంబరు ఇచ్చుకున్నాడని తేలింది. ముప్పై సెకన్ల పని. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా చెప్పేది ఇదే: సీవీలు చదవలేని బాక్సు ఎంత తక్కువకి వచ్చినా తీసుకోవద్దు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ ఇంజన్ల మీద ఆధారపడే మనలాంటివాళ్ళం.

దీనికి తోడు కంప్యూటర్‌కి కలిపే వీలుందో లేదో చూడండి. జేఎమ్‌ఆర్‌ఐ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో డీకోడర్‌ప్రో అనే భాగం తెరిస్తే సీవీ నంబర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పనే ఉండదు, మామూలు మాటల్లో రాసి ఉన్న పెట్టెల్లో విలువలు మార్చుకోవచ్చు, ప్రతి ఇంజను సెట్టింగులూ కంప్యూటర్‌లో దాచుకోవచ్చు. డీకోడర్ రీసెట్ అయితే మళ్ళీ ఒక్క క్లిక్‌తో తిరిగి రాసేయవచ్చు. జెఫిర్ ఎక్స్‌ప్రెస్‌కి యూఎస్‌బీ సాకెట్ బాక్సులోనే ఉంటుంది. పవర్ క్యాబ్‌కి ఆ కంపెనీ యూఎస్‌బీ ముక్క విడిగా కొనాలి. రోకో వాళ్ళ జెడ్21 బాక్సులో అయితే నెట్‌వర్క్ ద్వారా కలుపుకోవాలి, కానీ సెట్లతో వచ్చే తెల్ల జెడ్21 స్టార్ట్‌కి వైఫై వాడాలంటే రౌటరూ, అన్‌లాక్ కోడూ కావాలి, అది కొనేటప్పుడే ధరలో కలిపి లెక్కేసుకోండి.

ఎంత కరెంటు కావాలి

ఇది అందరూ ఎక్కువగా ఊహించుకునే చోటు. ఈ కాలపు హెచ్‌ఓ ఇంజను లైను మీద పరుగెత్తేటప్పుడు అర ఆంపియర్ లోపే తీసుకుంటుంది, హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేలుది అంతకంటే తక్కువ. సౌండ్ ఉంటే కొంచెం ఎక్కువ. చిన్న లేఅవుట్‌లో ఒకేసారి కదిలేవి రెండో మూడో, నిలబడినవి దాదాపు ఏమీ తీసుకోవు. 2 ఆంపియర్ల పవర్ క్యాబ్ హాయిగా సరిపోతుంది, 3 ఆంపియర్ల జెఫిర్ ఎక్స్‌ప్రెస్ అయితే ఇంకా మిగులుతుంది. పాత బల్బులు పెట్టిన ప్యాసింజర్ పెట్టెలు మాత్రం జాగ్రత్త, పది పెట్టెల్లో బల్బులు వెలిగితే అవే ఒక ఇంజను కంటే ఎక్కువ తింటాయి. ఎల్ఈడీలకి మార్చుకోండి.

5 ఆంపియర్లు, 8 ఆంపియర్ల బాక్సులు చిన్న లేఅవుట్‌కి మంచివి కావు సరికదా, ఒక్కోసారి ప్రమాదం. పట్టాలు తప్పిన ఇంజను షార్ట్ చేసినప్పుడు అంత కరెంటూ ఆ సన్నటి చక్రాల గుండా పోతుంది, ప్లాస్టిక్ కరిగేదాకా.

అడాప్టర్ స్టిక్కర్ చదవండి

ఇండియాలో ఉన్నవాళ్ళం ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ బాక్సులు చాలావరకు అమెరికా నుంచో యూరప్ నుంచో వస్తాయి. బంధువులెవరైనా అమెరికా నుంచి వస్తూ తెచ్చారనుకోండి, దానితో వచ్చే అడాప్టర్ అక్కడి 120 ఓల్టులకే చేసింది అయ్యుండొచ్చు. మన గోడలో 230. ప్లగ్ మార్చే పిన్ను తగిలించి పెట్టేస్తే పోయేది అడాప్టరుతో ఆగదు. స్టిక్కర్ మీద ఇన్‌పుట్ దగ్గర 100-240 అని ఉంటేనే గోడకి పెట్టండి, లేకపోతే బాక్సు పుస్తకంలో చెప్పిన ఓల్టేజీ, ఆంపియర్లు, పిన్ను కొలత, ప్లస్ మైనస్ దిశ చూసుకుని ఇక్కడే మంచి అడాప్టర్ కొనుక్కోండి. కస్టమ్స్ సుంకం, రిపేరుకి తిరిగి పంపే ఖర్చు కూడా ధరలో భాగమే. పెట్టె పాడైతే ఎవరు చూస్తారు అన్న ప్రశ్నకి దగ్గర్లో జవాబు లేకపోతే ఆ పెట్టె ఎంత గొప్పదైనా నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

సొంతంగా చేసుకునే దారి

ఈ కారణం వల్లే మన దగ్గర ఉన్నవాళ్ళకి నేను డీసీసీ-ఈఎక్స్ గట్టిగా చెబుతాను. ఇది ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఒక ఆర్డుయినో మెగా బోర్డు, దాని మీద ఒక మోటార్ షీల్డ్ (పట్టాలకి కరెంటు పంపే పై బోర్డు), వైఫై కోసం చిన్న ఈఎస్‌పీ8266 ముక్క, ఒక పవర్ అడాప్టర్, ఇంతే సామాను. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డులో ఇలాంటి బోర్డుల కోసం తిరగవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. బోర్డు కాలిపోతే ఇంకోటి కొనుక్కోవడమే, ఓడ దాటి రిపేరుకి పంపే పనిలేదు. మీకు టంకం పెట్టడం రాకపోయినా పరవాలేదు, బోర్డులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, ఈఎక్స్-ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రామ్ అడిగిన నాలుగు ప్రశ్నలకి జవాబిస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కించేస్తుంది.

కానీ మూడు చోట్ల తప్పు జరుగుతుంది, మూడూ నేను చూసినవే.

షీల్డ్ కొనేటప్పుడు ఎల్298 చిప్ ఉన్న ఆర్డుయినో మోటార్ షీల్డ్ ఆర్3 రకం అడగండి. అంగట్లో ఎక్కువగా చేతిలో పెట్టేది ఎల్293డీ చిప్ ఉన్నది, చూడటానికి దాదాపు ఒకేలా ఉంటుంది, చౌక కూడా, కానీ అది అర ఆంపియర్ చిల్లరకే పనికొస్తుంది, పైగా ఎంత కరెంటు పోతోందో కొలిచే ఏర్పాటు దాంట్లో లేదు. కొలవలేని షీల్డ్ షార్ట్ వచ్చినప్పుడు ఆపలేదు, డీకోడర్ చదవలేదు. రెండోది, ఆర్3 షీల్డ్ వెనకవైపు విన్ కనెక్ట్ అని రాసిన సన్నటి రాగి గీత ఉంటుంది, దాన్ని బ్లేడుతో తెంపాలి. తెంపకపోతే పట్టాలకి ఇచ్చే 14 ఓల్టులు కింద ఉన్న మెగా బోర్డులోకీ పోయి దాన్ని వేడెక్కించి చంపేస్తాయి. తెంపాక మెగాకి వేరే చిన్న అడాప్టర్ ఇవ్వాలి. మూడోది, ఎల్298 తనలోనే రెండు ఓల్టుల దాకా మింగేస్తుంది, కాబట్టి 12 ఓల్టుల అడాప్టర్ పెడితే పట్టాల దగ్గర 10 చిల్లరే ఉండి ఇంజను నీరసంగా నడుస్తుంది. హెచ్‌ఓకి 14 లేదా 15 ఓల్టులది పెట్టండి.

ఈ షీల్డ్ ఒక్కో అవుట్‌పుట్‌కి ఒకటిన్నర ఆంపియర్ వరకే నమ్మకంగా ఇస్తుంది. మూడు నాలుగు ఇంజన్ల లేఅవుట్‌కి అది చాలు. ఒక అవుట్‌పుట్ మెయిన్ లైనుకి, రెండోది ప్రోగ్రామింగ్ ట్రాకుకి (ఇంజన్ని పెట్టి సీవీలు రాసే, చదివే విడి ట్రాకు), రెండూ వేర్వేరుగా దొరుకుతాయి. నడపడానికి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇంజిన్ డ్రైవర్ అనే ఉచిత యాప్. నాబ్ కావాలని పైన అంతలా చెప్పి ఇప్పుడు ఫోన్ అంటున్నానేంటి అనుకోకండి, ఈఎస్‌పీ32 బోర్డు, కీప్యాడ్, ఒక రోటరీ ఎన్‌కోడర్‌తో (తిప్పే నాబ్) విట్‌కంట్రోలర్ అనే చేతి కంట్రోలర్ మీరే చేసుకోవచ్చు, అదీ ఓపెన్ సోర్సే. నాది చేయడానికి రెండు ఆదివారాలు పట్టింది, ఇప్పుడు దాన్నే వాడుతున్నాను.

ఎలక్ట్రానిక్స్ అంటే అసలు ఇష్టం లేనివాళ్ళకి మాత్రం ఇది చెప్పను. రైలు నడపాలన్న కోరిక, బోర్డు ఎందుకు పలకడం లేదన్న వెతుకులాట వేరు వేరు సంతోషాలు. మొదటిదే కావాలంటే, అమెరికాలో ఉన్నవాళ్ళు పవర్ క్యాబో జెఫిరో కొనుక్కోవడం మేలు, యూరప్‌లో ఉంటే జెడ్21. చుట్టుపక్కల క్లబ్బు ఉంటే అక్కడ ఎక్కువమంది దగ్గర ఉన్నదే కొనండి, అప్పుడు వాళ్ళ చేతి కంట్రోలర్ మీ ఇంట్లో పనిచేస్తుంది, సందేహం వస్తే అడగడానికి పక్కనే మనిషి ఉంటాడు.

పవర్ క్యాబ్ తీసుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. దాంట్లో ప్రోగ్రామింగ్ ట్రాకుకి వేరే అవుట్‌పుట్ ఉండదు, ఆ మోడ్‌లోకి వెళ్ళగానే మీ లేఅవుట్ మొత్తం ప్రోగ్రామింగ్ ట్రాక్ అయిపోతుంది. నాలుగు ఇంజన్లు పట్టాల మీద ఉండగా ఒకదానికి నంబరు మారిస్తే నాలుగింటికీ అదే నంబరు పడుతుంది. ఒక సైడింగ్‌ని (పక్క లైనుని) రెండు పట్టాల్లోనూ కోసి, రెండు వైర్లనీ ఒకేసారి మార్చే డీపీడీటీ స్విచ్ పెట్టి, ప్రోగ్రామ్ చేసేటప్పుడు మిగతా లేఅవుట్‌ని తెంపేసుకోండి.

డీకోడర్ల ఖర్చు మర్చిపోవద్దు

బాక్సు ఒకసారి కొంటాం, డీకోడర్ ప్రతి ఇంజనుకీ కొనాలి. నాలుగైదు ఇంజన్లున్నవాళ్ళకి డీకోడర్ల బిల్లు బాక్సుని దాటేయవచ్చు. సౌండ్ డీకోడర్ మామూలుదానికి రెండు మూడు రెట్లు. ఇంజను కొనేముందే లోపల సాకెట్ ఏముందో అడగండి: 8 పిన్నులదా, 21 పిన్నులదా, ప్లక్స్22నా, ఎన్ స్కేలయితే 6 పిన్నులదా నెక్స్ట్18నా. భారతీయ ఇంజన్ల మోడళ్ళు తీసుకునేవాళ్ళు ఇది తప్పకుండా అడగాలి, సాకెట్ లేకపోతే మోటారు వైర్లు తెంపి చేత్తో అతకాలి. చిన్న లేఅవుట్‌లో నెమ్మదిగా నడుపుతాం కాబట్టి పాయింట్ల మీద ఇంజను ఆగిపోతుంటుంది, అందుకే క్షణం కరెంటు అందకపోయినా ఇంజన్ని నడిపించే కీప్-అలైవ్ కెపాసిటర్ పెట్టుకోగల డీకోడర్‌కి నేను సౌండ్ కంటే ముందు డబ్బు పెడతాను.

పాయింట్లు డిజిటల్‌గా తిప్పడానికి మొదట్లోనే ఖర్చు పెట్టొద్దు. ఐదు పాయింట్లు చేత్తో తిప్పుకోవచ్చు.

కలిపేటప్పుడు

పాత డీసీ కంట్రోలర్‌ని పూర్తిగా తీసి పక్కన పెట్టండి. డీసీసీ ఉన్న పట్టాలకి అది ఏ మూలనుంచి తగిలినా రెండింట్లో ఒకటి పోతుంది. పాత సెట్లలో వచ్చిన పవర్ క్లిప్ లోపల రేడియో గరగర రాకుండా చిన్న కెపాసిటర్ పెట్టి ఉంటుంది, అది డీసీసీ సంకేతాన్ని పాడుచేస్తుంది, తీసేయండి. డీకోడర్ లేని ఇంజన్ని డీసీసీ పట్టాల మీద పెట్టొద్దు, మోటారు జుయ్‌మని మోగుతూ వేడెక్కుతుంది, కోర్‌లెస్ మోటారైతే కాలిపోతుంది.

చెక్క కింద పొడవునా ఇంటి వైరింగ్‌లో వాడే 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్ వైర్లు రెండు రంగుల్లో లాగి, ప్రతి పట్టా ముక్క నుంచీ సన్నటి వైరు (డ్రాపర్) దానికి దించండి. పట్టా ముక్కల్ని కలిపే ఫిష్‌ప్లేట్లని కరెంటు మోసేవిగా నమ్మొద్దు, ఈ ఏడాది బాగుంటాయి, వచ్చే వానాకాలానికి వదులవుతాయి.

అన్నీ కలిపాక, ఇంజన్లు తీసేసి, కరెంటు ఇచ్చి, ఒక రూపాయి బిళ్ళ పట్టాల మీద అడ్డంగా పెట్టండి. బాక్సు వెంటనే కట్ అవ్వాలి. లేఅవుట్ పొడవునా అడుగడుక్కీ, ప్రతి సైడింగ్ చివరా ఇలాగే చూడండి. ఎక్కడైనా కట్ అవకుండా బిళ్ళ వేడెక్కిందంటే అక్కడికి వైరు సరిగా చేరలేదన్నమాట, ఇంకో డ్రాపర్ దించి మళ్ళీ చూడండి. అన్నిచోట్లా కట్ అయిన తర్వాతే మొదటి ఇంజను పట్టాల మీద పెట్టి, నంబరు 3 నొక్కి, నాబ్ మెల్లగా తిప్పండి.